అడగకుండా రాసిన పేరు

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పురుగుల పేర్లు, మందుల మోతాదులు ఇప్పుడు నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. తెలియకపోయినా ఫోనులో ఆకు ఫొటో తీస్తే తెగులేమిటో అదే చెబుతోంది. అందుకని నన్ను వేరే ప్రశ్న అడుగుతారు: "మేడం, ఇన్నేళ్ల సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏంటి?"

గొప్ప పనుల సంగతి నేను రిటైరైన రోజు శాలువా కప్పినవాళ్లు చెప్పేశారు. అందులో సగం అబద్ధం, మిగతా సగం వేరేవాళ్లు చేసింది. నేను చెప్పాల్సింది ఇంకొకటుంది. మంచి చేస్తున్నాననుకుంటూ ఒక మనిషి నోటికాడ కూడు లాగేశాను. ఆ మనిషి పేరు కోటి. చేలకి పురుగుమందు కొట్టే పని చేసేవాడు. పోయిన పని అతనికి తిరిగి దొరకడానికి నేను ఏం చేయాల్సొచ్చిందో, ఏం చేయకూడదని అతను చెప్పాడో, అదే నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠం. మీరూ ఊళ్లమీద తిరగబోతున్నారు కాబట్టి రాసిపెడుతున్నాను.

సార్ రాలేదా?

నేను విస్తరణాధికారిగా చేరిన రోజుల్లో స్కూటరు ఆపి పొలం గట్టు మీద నిలబడితే రైతులు నా వెనక్కి చూసేవాళ్లు. "సార్ రాలేదామ్మా?" అని అడిగేవాళ్లు. సారు నేనేనంటే నవ్వేవాళ్లు. మిరపాకు పైకి ముడుచుకుని ఉంటే తిరగేసి అడుగునున్న తామర పురుగు చూపించాక నవ్వు ఆపేవాళ్లు. అలా ఒక్కొక్క గట్టు మీదా పరీక్ష రాసి పాసవుతూ వచ్చాను.

మా అసిస్టెంట్ డైరెక్టరు గారు కరుకు మనిషి. మొదటి వారమే, "ఎండలో మీకెందుకమ్మా తిప్పలు, ఆఫీసులో కూర్చుని రిపోర్టులు చూసుకోండి" అన్నారు. చూసుకోనన్నాను. ఆయన గురించి నా మనసులో ఆరోజు పడ్డ ముద్ర చాలా ఏళ్లు చెరగలేదు. ఆయన ఏం చెప్పినా, ఆడవాళ్లంటే గిట్టక చెబుతున్నాడనుకునేదాన్ని.

ఇలా ఆడమనిషినైనందుకు నాలుగు మాటలు పడ్డాను కనుక, ఈ ఆడా మగా తేడాల గురించి నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదని గట్టి నమ్మకం కుదిరింది. ఉద్యోగంలో నాకు పట్టిన జబ్బుల్లో అదే పెద్దది. మన కాల్లో ముల్లు గుచ్చుకున్నంత మాత్రాన ఎదుటివాడి కాలు ఎక్కడ నొప్పెడుతోందో మనకు తెలియదు.

గ్లౌజులు ఎవరికి

మిరప పూతలో నల్లతామర పురుగు విరగబడిన ఏడాది నేను అద్దంకికీ పర్చూరుకీ మధ్య ఒక మండలంలో ఉన్నాను. రైతులు వారానికి రెండుసార్లు మందు కొట్టిస్తున్నారు. గాలంతా మందు వాసన. ఆ రోజుల్లో మండలానికి రక్షణ కిట్లు కొన్ని వచ్చాయి. గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు. 'మందు కొట్టేవారికి ఇవ్వవలెను' అని కాగితం. మా వైపు తైవాన్ పంపు ట్యాంకు వీపుకి తగిలించుకుని మందు కొట్టేది మగవాళ్లు. ఊరూరా వాళ్ల పేర్లు రాసుకుని, ఆధార్ కార్డుల నకళ్లు తీసుకుని కిట్లు పంచాను.

ఆ వరుసలో కోటి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, కురచ జుట్టు, గళ్ల లుంగీ, మోచేతుల దాకా మడిచిన చొక్కా. కార్డు చూస్తే అందులో ఆడపిల్ల పేరు ఉంది, కింద 'స్త్రీ' అని ఉంది. నేను తలెత్తి చూశాను. అతను నా వంకే చూస్తున్నాడు. ఏమీ అనకుండా కిట్టు చేతికిచ్చాను. ఏమీ అననందుకు నన్ను నేను కాస్త మెచ్చుకున్నాను కూడా.

తర్వాత నాలుగు రోజులకి మస్తాన్ వలి గారి చేలో కోటి కనిపించాడు. మస్తాన్ వలి గారు ఆ ఊళ్లో పెద్ద మిరప రైతు. ఏళ్లుగా కోటి చేత తప్ప ఇంకొకరి చేత మందు కొట్టించి ఎరగరు. కోటి చేతికి గ్లౌజులు లేవు. నాకు ఒళ్లు మండింది.

"ఏం కోటీ, ఇచ్చిన గ్లౌజులు ఇంట్లో దాచుకున్నావా?"

అతను గడ్డంతో గట్టు వైపు చూపించాడు. అక్కడ డ్రమ్ము దగ్గర మరియమ్మ ఉంది. కూలి ముఠాకి మేస్త్రి. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, బిందెతో నీళ్లు పోసి, కోటి గ్లౌజులు వేసుకుని మందు కలుపుతోంది.

"నేను గొట్టం పట్టుకుంటా మేడం. మందులో చెయ్యి పెట్టేది ఆమె. మీ లిస్టులో ఆమె లేదు గదా" అన్నాడు కోటి.

మరియమ్మ గ్లౌజు లాగి అరచెయ్యి చూపించింది. తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. నేను సిగ్గుపడ్డాను. అన్నేళ్లుగా ప్రతి చేలోనూ ఆడవాళ్లు నీళ్లు మోసి మందు కలపడం చూస్తూనే ఉన్నాను. అయినా 'మందు కొట్టేవారు' అనగానే నా పెన్ను మగవాళ్ల పేర్లే రాసింది.

కోటి గురించి మరియమ్మే చెప్పింది. పుట్టినప్పుడు ఆడపిల్లని ఊరందరికీ తెలుసు. తండ్రి మందు కొట్టేవాడు. కోటి పదో తరగతి ఆపేసిన ఏడాది ఆయన పోయాడు. కర్మకాండలు అయిన మర్నాడు ఆ పిల్ల జుట్టు కత్తిరించుకుని, తండ్రి చొక్కా తొడుక్కుని, తండ్రి ట్యాంకు వీపుకి ఎత్తుకుని చేలోకి నడిచిందట. నవ్వినవాళ్లు నవ్వారు, తిట్టినవాళ్లు తిట్టారు. కొన్నాళ్లకి అలవాటైపోయింది. "అయ్య పని కొడుకు చేసుకుంటన్నాడు అనుకున్నాం మేడమ్మా. ఇంక అడిగేదేముంది?" అంది మరియమ్మ. అందరూ అతను అనే అంటారు. నేనూ అలాగే రాస్తున్నాను.

మరియమ్మ అరచెయ్యి చూశాక నేను ఊరుకోలేదు. రెండు నెలలు ఏ ఊళ్లో మీటింగు పెట్టినా మైకు పట్టుకుని ఒకటే చెప్పాను: "ఆడవాళ్లని మందు దగ్గరికి రానివ్వకండి. గర్భాలు పోతాయి, పిల్లలకి జబ్బులొస్తాయి. రేపు ఏదైనా జరిగితే పిలిచిన రైతుదే బాధ్యత." రైతులు భయపడ్డారు. నిజంగానే ఆడవాళ్లని మానిపించారు. నా మాటకి అంత విలువ రావడం నాకు మహా సంతోషంగా ఉంది.

మరియమ్మ మాత్రం దారిలో ఆపి అడిగింది. "రావద్దంటివి, బాగానే ఉంది. ఆ పూట కూలి పోయె. నాలుగు జతల గ్లౌజులిస్తే పోయేదానికి మమ్మల్నే తీసేస్తివి గదమ్మా."

ఆరోగ్యం ముఖ్యం కాదా అని సర్దిచెప్పి స్కూటరెక్కాను. నిజం చెప్పాలంటే, గ్లౌజులు ఇంకొన్ని తెప్పించాలంటే పైకి రాయాలి, పదిసార్లు తిరగాలి. మాట చెప్పడానికి మైకు చాలు.

డ్రోను

పై ఏడాది డ్రోనుతో మందు కొట్టే శిక్షణ వచ్చింది. డ్వాక్రా సంఘంలో ఉన్న కుటుంబం నుంచి ఒక స్త్రీని పంపాలి, పొలం పని తెలిసినవారైతే మంచిదన్నారు. నాకు వెంటనే కోటి గుర్తొచ్చాడు. తల్లి సంఘంలో సభ్యురాలు. కార్డులో 'స్త్రీ' అనే ఉంది. గాలి ఎటు వీస్తే గొట్టం ఎటు తిప్పాలో అతనికి తెలిసినంత మా మండలంలో ఎవరికీ తెలియదు. డ్రోన్లు వచ్చాక ట్యాంకు మోసేవాళ్లకి పనులు తగ్గుతాయని కూడా అర్థమవుతోంది. ఇంతకన్నా మేలు ఏం చేయగలను? పేరు రాసేశాను.

లిస్టు మీద సంతకం పెట్టబోతూ మా అసిస్టెంట్ డైరెక్టరు గారు ఆ పేరు దగ్గర ఆగి, జతచేసిన కార్డు నకలు మీద ఫొటో చూశారు. "ఇది ఆ మందు కొట్టే కోటి కదా? ఈ పేరుతో పంపిస్తున్నట్టు ఆ మనిషిని అడిగారా?"

"అడగడమెందుకు సార్, అతని మంచికేగా" అన్నాను. మనసులో, ఈయనకి ఆడవాళ్ల పథకాలంటేనే మంట అనుకున్నాను. ఆయన భుజాలు ఎగరేసి సంతకం పెట్టారు. ఆయన నన్ను ఎన్నో పనికిమాలిన ప్రశ్నలు అడిగారు కానీ, అడగాల్సిన ఒక్క ప్రశ్న ఆరోజు అడిగింది ఆయనే. మనకు నచ్చని మనిషి కూడా ఒక్కోసారి సరైన మాట అంటాడు. అది వినడానికి చెవి ఉండాలి, నాకు లేకపోయింది.

కోటికి ఫోను చేసి డ్రోను నేర్పిస్తారు రమ్మన్నాను. ఏ లిస్టులో ఎలా రాశానో చెప్పలేదు. మండలాఫీసు హాల్లో నాలుగూళ్ల ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లని తీసుకొచ్చిన ఆటోవాళ్లు, అన్నలు, మొగుళ్లు గుమ్మం దగ్గర నిలబడ్డారు. కోటి కూడా ఉతికిన చొక్కా వేసుకుని వాళ్లతోపాటు నిలబడ్డాడు.

నేను మైకులో పేర్లు చదివాను. అతని పేరొచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను, ఆరోజు పిలిచిందే ఎక్కువ. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాను. అతను నేల చూపులు చూస్తున్నాడు. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. వినపడలేదేమోననుకుని, మైకులోనే, వేలు చూపించి, "కోటీ, నిన్నే. ఆ పేరు నీదేగా" అన్నాను.

హాలంతా వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. కోటి వంగి చెప్పులు వెతుక్కున్నాడు. అన్ని చెప్పుల మధ్య అతనివి వెంటనే దొరకలేదు. అంతసేపూ అందరూ అతన్నే చూస్తున్నారు. దొరికాక తొడుక్కుని వెళ్లిపోయాడు. నేను తర్వాతి పేరు చదివాను.

మీరే చెప్పారుగా

పన్నెండు రోజుల తర్వాత మస్తాన్ వలి గారు ఫోను చేశారు. పురుగు అదుపులోకి రావడం లేదన్నారు. వెళ్లి చూస్తే వేరే ఊరి మనిషి మొక్కల నెత్తిన చిలకరించుకుంటూ పోతున్నాడు. పూత లోపలికి చుక్క దిగడం లేదు.

"కోటి ఏడండీ?" అన్నాను.

ఆయన ఇబ్బందిగా తలగుడ్డ సర్దుకున్నారు. "మానిపించానమ్మా. మీరే చెప్తిరి గదా, ఆడవాళ్లని మందు కాడికి రానీయొద్దని."

 "కోటి సంగతి మీకు కొత్తా? ఇన్నేళ్లనుంచి తెలియదా?" అన్నాను.

"తెలుసు. తెలిసినా తెలవనట్టే ఉన్నాం, అతనూ అట్టాగే ఉన్నాడు. ఎవరికీ అడ్డం రాలా. ఇప్పుడు మీరు నాలుగూళ్ల జనం ముందు మైకులో చెప్పేస్తిరి. రేపు అతనికేమన్నా అయితే, ఆడమనిషి చేత మందు కొట్టించాడు మస్తాను అని నా మెడకే చుట్టుకునిద్ది. బాధ్యత రైతుదేనని చెప్పింది కూడా మీరే గదమ్మా."

ఆయనొక్కడే కాదు, ఊళ్లో ఎవరూ కోటిని పిలవడం లేదు. ఒక రైతు మంచిమాటే అన్నట్టుగా, మరియమ్మ ముఠాలో ఆడవాళ్లతో కలుపుకి పోరాదా అని అడిగాడట. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగకుండానే పెట్టబోయి, కంచంలో ఉన్నది కూడా ఒలకబోశాను.

అక్కడినుంచి నేరుగా కోటి ఇంటికి వెళ్లాను. అరుగు మీద తల్లి మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. "లోపలున్నాడు. గడప దాటి పన్నెండు రోజులాయె" అంది.

లోపల ట్యాంకు కడిగి మూలకు పెట్టి ఉంది. కోటి మంచం మీదనుంచి లేచి నాకు కుర్చీ వేశాడు. నేను నిలబడే చెప్పాను. "తప్పు చేశాను కోటీ. నీ మంచికే అనుకున్నాను."

"అనుకుంటారండీ. అందరూ నా మంచికే అనుకుంటారు." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ పేరు ఊళ్లో ఎవరికి తెలవదు మేడం? నేనెట్టా బతకాలో నేనూ ఊరూ కలిసి ఒక దారికొచ్చాం. దానికి పదిహేనేళ్లు పట్టింది. మీకు ఒక్క పూట పట్టింది. నన్ను ఒక్క మాట అడిగుంటే, డ్రోను వద్దనైనా అందును, ఆ పేరు పైకి చదవకుండా ఎట్టాగైనా చూడమనైనా అందును. అడగలా మీరు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి తొందర తొందరగా మాట్లాడాను. కలెక్టరాఫీసులో దరఖాస్తు పెడదాం, కార్డు మార్పిద్దాం, ఒంగోల్లో నాకు తెలిసిన వకీలు ఉన్నాడు...

"మళ్లీ మీరే మొదలుపెట్టారు" అన్నాడు కోటి.

అప్పుడు కుర్చీలో కూర్చున్నాను.

"కార్డు సంగతి నాకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు చూసుకుంటా. ఇది మందు కొట్టే కాలం. ఇంకో నెలన్నర పోతే కోతలు, తర్వాత నాకు పనుండదు. నా పని పోయింది మీ మాట వల్ల. ఆ పని నాకిప్పించండి."

ఎలా ఇప్పించాలో నాకు తోచలేదు. ఊరి ముందు నిలబడి కోటి మగవాడేనని చెబితే, కార్డు తెచ్చి చూపించు అంటారు. ఆడమనిషైతే మాత్రం మందు కొట్టకూడదా అని వాదిస్తే, రెండోసారి మైకులో ఆ పేరు పిలిచినట్టే. అతని గురించి ఏం చెప్పినా అతని బతుకు నలుగురి నోళ్లలో పడుతుంది. అప్పుడు అడిగాను. ఆ ఏడాదంతటిలో నేను అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అదే.

"నన్ను ఏం చెప్పమంటావు?"

 "నా గురించి ఏం చెప్పొద్దు" అన్నాడు కోటి. "మందు గురించి చెప్పండి. మీరు చెప్పింది తప్పు గదా, అది చెప్పండి."

పాలకేంద్రం దగ్గర

మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గరికి వెళ్లాను. పాలు పోయడానికి ఊరంతా అక్కడికే వస్తుంది. మైకు లేదు. 

"పోయినేడు మీకొక మాట చెప్పాను. ఆడవాళ్లని మందు దగ్గరికి రానివ్వద్దని. అది తప్పు" అన్నాను. "ఆ మందు ఎవరి ఒంటికైనా విషమే. ముట్టుకునేది ఎవరో చూసి ఆగదు. చెప్పాల్సింది ఒకటే. ఎవరు కలిపినా, ఎవరు కొట్టినా గ్లౌజులు, మాస్కు ఉండాలి. లేకపోతే మీరైనా సరే చేలో దిగొద్దు. మనుషుల్ని మానిపించమని చెప్పడం నా పొరపాటు. దానివల్ల కొంతమందికి పని పోయింది. అది నా వల్లే పోయింది, వాళ్ల వల్ల కాదు."

 మరియమ్మ క్యాను కింద పెట్టి, "అయితే మేం మళ్లా మందు కలపొచ్చా?" అంది.

"గ్లౌజులుంటే."

"తెచ్చారా మరి?"

ఈసారి ముందురోజు సాయంత్రమే నా డబ్బుతో కొని సంచీ నిండా తెచ్చాను. పంచుతుంటే వెనకనుంచి ఒక రైతు అడిగాడు. "ఇదంతా ఆ కోటి కోసమేనా మేడంగారూ?"

అందరూ నావైపు చూశారు. ఔనన్నా, కాదన్నా అతని పేరు నా నోట వస్తుంది. "నేను మందు గురించి మాట్లాడటానికి వచ్చాను" అని ఇంకో జత గ్లౌజులు తీశాను. అడిగినవాడు ఇంకేదో అనబోయాడు. ఈలోగా మస్తాన్ వలి గారు జేబులోంచి ఫోను తీశారు. అందరికీ వినపడేలా గొంతు పెంచారు.

"ఒరేయ్ కోటీ, యాడున్నావురా? చేను పురుగు తినేస్తంటే ఇంట్లో పడుకున్నావా? సిగ్గుండక్కర్లా? రేపు తెల్లారేసరికి ట్యాంకు తీసుకొని చేలో ఉండాల."

పని మానిపించింది తనే. తిట్లు కోటికి. తప్పు తమదైనప్పుడు ఎదుటివాణ్ణి తిట్టడమే మావైపు పెద్దరైతులకి తెలిసిన క్షమాపణ. జనం క్యానులు ఎత్తుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

అంతా సర్దుకుందని చెప్పను. ఇద్దరు రైతులు కోటిని మళ్లీ పిలవలేదు. డ్రోను సీటు వేరే ఊరికి పోయింది. ఆటోస్టాండులో కొన్నాళ్లపాటు ఆ పేరు పెట్టి పిలిచి నవ్వినవాళ్లు ఉన్నారు. ఒకసారి మరియమ్మ వెళ్లి వాళ్లకి గట్టిగా బుద్ధి చెప్పాక తగ్గింది. మీకు నేను చెప్పదలుచుకున్నది చిన్నదే. కార్డులో ఉన్నది చదవడం తేలిక. ఆ మనిషి ఆ కార్డుతో ఎలా నెగ్గుకొస్తున్నాడో మనకు తెలియదు. మేలు చేయబోయే ముందు కూర్చుని అడగండి. వద్దంటే ఊరుకోండి.

పాలకేంద్రం దగ్గర ఆ ఫోను చేసిన మర్నాడు మస్తాన్ వలి గారి చేనికి వెళ్లాను. కోటి అప్పటికే మూడు సాళ్లు పూర్తిచేశాడు. గొట్టం కిందినుంచి తిప్పి పూత లోపలికి మందు దించుతున్నాడు. మళ్లీ నింపుకోవడానికి గట్టు మీదికొచ్చి ట్యాంకు దించాడు. మాస్కు కిందికి లాగాడు.

"కోటీ, నామీద కోపం పోయిందా?" అన్నాను.

"పని దొరికింది మేడం" అన్నాడు. మరియమ్మ ట్యాంకు నింపుతుంటే వంగి పట్టీలు తొడుక్కున్నాడు. "కోపం సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఈ పురుగు సంగతి చూడనీయండి."

ఆ తర్వాత రెండేళ్లు ఆ మండలంలోనే పనిచేశాను. కనిపించినప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. మందుల గురించి ఏదడిగినా చెప్పేవాడు. ఆ కోపం మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు, నాకూ అడగడానికి నోరు రాలేదు.